ఆరో సాక్షి అక్కర్లేదు

జూలై 7, సోమవారం

అమ్మ కంటి ఆపరేషన్‌కు గురువారం తేదీ ఇచ్చారు, హైదరాబాద్‌లో. అదే గురువారం సారయ్య కేసులో చిలుకమ్మ సాక్ష్యం. రెండింటి కోసమూ నెలల తరబడి ఎదురుచూశాను. రెండూ వచ్చి ఒకే రోజు మీద కూర్చున్నాయి.

ఆ కేసులో నాకు మిగిలింది చిలుకమ్మ ఒక్కతే. వడ్ల కొనుగోలు సెంటర్‌లో బస్తాకు మూడు కిలోల తరుగు ఎందుకు తీస్తున్నారని సారయ్య అడిగాడు. సెంటర్ నడిపే సాయితేజ ఇనుప రాడ్డు తీసుకుని తల మీద కొట్టాడు. ఆస్పత్రికి తీసుకుపోతుంటే నెక్కొండ దాటకముందే సారయ్య ప్రాణం పోయింది. చూసినవాళ్లని పోలీసులు ఐదుగురి పేర్లు రాశారు. నలుగురు బోనెక్కి నాకేం తెల్వదన్నారు. ముగ్గురు ఆ టైముకు చాయ్‌కి పోయారట, ఒకడు ఉచ్చకు పోయాడట. ఆ పూట సెంటర్‌ను కాకులు నడిపాయేమో! ఐదో మనిషి చిలుకమ్మ. అక్కడ వడ్లు చెరిగి, కింద పడినవి ఊడ్చే మనిషి. ఫిర్యాదు ఇచ్చినామె మొదటి సాక్షి కాబట్టి లిస్టులో ఈమె ఆరో సాక్షి.

రాజేశ్వర్ రావు సర్‌కు చెప్పాను. "కన్నతల్లి కన్ను కన్న కోర్టు ఎక్కువనా బిడ్డా? నువ్వు నిమ్మలంగ పో. వాయిదా నేను అడుగుత. చిలుకమ్మను వచ్చే నెల పిలిపిద్దాం" అన్నారు. ఆయన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ), నేను ఆయన కింద అదనపు పీపీని. కానీ ఆ లెక్క బయటివాళ్లకు. పదకొండేళ్లు ఆయన దగ్గర జూనియర్‌గా చేశాను. అవతలి సాక్షులను క్రాస్ చేయడం నాకు నేర్పింది ఆయనే, ఈ పోస్టుకు నా పేరు రాసిందీ ఆయనే.

ఎప్పటిలాగే రెండు ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చాను. వాయిదా మెమోకు ఒకటి, టైపులో తప్పు పోతే ఇంకొకటి. మా దగ్గర అందరూ చేసే పనే. సంతకం పెట్టకుండా సెలవు మీద పోతే మిగిలినవాళ్లు తిట్టుకుంటారు.

జూలై 10, గురువారం

ఆపరేషన్ బాగా అయింది. పొద్దున్నే సర్‌కు ఫోన్ చేస్తే, "వాయిదా అయిపోతది, ఫికర్ చెయ్యకు. అమ్మకు చుక్కల మందు టైముకు వేస్తాండ్రా?" అని అడిగారు. ఆయన తల్లికి కూడా అదే ఆపరేషన్ అయిందట. ఏ చుక్కలు ఎన్ని రోజులు వేయాలో ఆరు నిమిషాల సేపు అంతా చెప్పారు. అమ్మ కట్టుతోనే, "నీ కేసేమాయెనే?" అంది. వాయిదా అన్నాను.

జూలై 14, సోమవారం

బెంచ్ క్లర్క్ దగ్గర సారయ్య కేసు కట్ట అడిగి తీసుకున్నాను. వచ్చే తేదీ రాసుకుందామని. పదో తేదీ ఆర్డరు ఇట్లా ఉంది:

"ఆరో సాక్షిని ప్రాసిక్యూషన్ వదులుకుంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిసింది. ముద్దాయి వాంగ్మూలం కోసం 28వ తేదీకి."

నాలుగుసార్లు చదివాను. కట్టలో మెమో ఉంది. ఆరో సాక్షి సాక్ష్యం అనవసరమని భావిస్తున్నందున ఆమెను వదులుకుంటున్నాము. మూడే మూడు లైన్లు. కింద నా సంతకం, తీరిగ్గా కూర్చుని పెట్టినట్టు, ఏ మాత్రం వంకర లేకుండా.

క్లర్క్ కుర్చీ జరిపాడు. మీరే కదా మేడమ్ పంపారు అన్నాడు.

సర్ హైదరాబాద్‌లో ఏదో మీటింగ్‌లో ఉన్నారు. ఫోన్ ఎత్తలేదు. వాయిదా మెమో బదులు టైపిస్ట్ వేరే నమూనా తీసి కొట్టి ఉంటాడు. ఆ పిల్లవాడి పని ఎప్పుడూ అంతే.

జూలై 15, మంగళవారం

టైపిస్ట్ తప్పే.

జూలై 16, బుధవారం

టైపిస్ట్ తప్పు కాదు.

సర్ దాచలేదు. నేను అడగకముందే తలుపు దగ్గరికి వేయమన్నారు. "చిలుకమ్మ మెత్తబడ్డది బిడ్డా. పదో తారీఖు పొద్దుగాల మాట్లాడి చూసిన, జంకుతాంది. నలుగురు ఎదురు తిరిగిండ్రు, ఐదో మనిషి గూడ బోన్ల నిలబడి నాకేం తెల్వదంటే నీ పరువేం గావాలె? గట్ల అనిపించుకునే కన్న మనమే అక్కర్లేదనుడు నయం గద. నీ పేరు కాపాడిన."

నిజమే. సర్ చెప్పినదాంట్లో లా కూడా తప్పు లేదు. ఏ సాక్షి కావాలో, ఏ సాక్షి అక్కర్లేదో నిర్ణయించుకునే హక్కు ప్రాసిక్యూటర్‌దే. ఎదురు తిరిగే సాక్షిని వదులుకోవడం తెలివైన పని. నేనైనా అదే చేసేదాన్ని.

మా ఆయన రమాకాంత్ షాపు మూసి వచ్చాక చెప్పాను. అంతా విన్నాడు. "మరి నిన్నొక్క మాట ఎందుకు అడగలే?"

"ఆపరేషన్ థియేటర్ బయట ఉన్న మనిషిని ఎందుకు కదిలించాలని."

"చుక్కల మందు గురించి ఆరు నిమిషాలు మాట్లాడిండు గద."

స్టీలు సామాన్ల షాపులో బేరమాడీ ఆడీ మొగుడు ప్రతిదానికీ తూకం చూస్తాడు. సర్ సంగతి ఈయనకేం తెలుసు? మా పెళ్లయిన కొత్తలో నేను కోర్టు మానేస్తానంటే ఇంటికొచ్చి, వద్దని ఒప్పించి తీసుకుపోయిన మనిషి సర్.

జూలై 18, శుక్రవారం

సాక్షులను తీసుకొచ్చే కోర్టు కానిస్టేబుల్ రాజమౌళి మూడు రోజులుగా నన్ను చూసి తప్పుకుంటున్నాడు. ఈ రోజు మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"చిలుకమ్మ పదో తారీఖు వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. మొగిలమ్మను తోలుకొని మొదటి బస్సుకే వచ్చింది."

మొగిలమ్మ సారయ్య పెళ్లాం. ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

"సర్ మాట్లాడారటగా ఆమెతో?"

"సర్ ఏడ మాట్లాడిండు? సర్ కారు దిగి సీదా కోర్టు హాల్లకు పోయిండు. పదకొండింటికి సర్ జూనియర్ బయటికొచ్చి, నువ్వు అక్కర్లేదని నీ మేడమే రాసిచ్చింది, ఇంటికి పో అన్నడు."

"మెత్తబడిందా ఆమె?"

రాజమౌళి నన్ను వింతగా చూశాడు. "ఎవలు, చిలుకమ్మనా? ఆమె బెదిరేదైతే మూడేండ్ల కిందనే బెదురుతుండె. సాయితేజ మనుషులు ఇల్లు చుట్టుముట్టిండ్రు మేడమ్ అప్పుడు."

"వెంటనే వెళ్లిపోయిందా మరి?"

"యాడ పోయింది? నాలుగింటిదాంక వరండల్నే కూసున్నది. మేడమ్ గట్ల రాయది, మీరు అబద్ధం చెప్తాండ్రు, మేడమ్ అచ్చినంక అడిగి పోత అన్నది. మీరు హైదరాబాద్ పోయిండ్రని నేనే చెప్పి బస్సెక్కిచ్చిన."

ఆ తర్వాత రెండు బెయిల్ పిటిషన్లను వ్యతిరేకిస్తూ వాదించాను. ఏం మాట్లాడానో నాకే తెలియదు. ఒకదాంట్లో బెయిల్ వచ్చింది.

జూలై 19, శనివారం

సర్ అట్లా చేయరు.

చేశారు.

జూలై 20, ఆదివారం

పాత పేపర్లు వెతికాను. మే 18. సాయితేజ మేనమామ ఫొటో, మెడలో అధికార పార్టీ కొత్త కండువా. పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నవాళ్లలో రెండో వరసలో సర్ ఉన్నారు. ఈ ఫొటో అప్పుడే చూశాను. చూసి నవ్వుకున్నాను కూడా. ఆ మేనమామ పదేళ్లు ఒక జెండా మోశాడు, ఇప్పుడు ఇంకో జెండా. మన రాజకీయాల్లో ఇదేం వింత అనుకుని పేజీ తిప్పేశాను. దానికీ నా కేసుకూ సంబంధం ఉంటుందని తోచనే లేదు. సంవత్సరాలుగా నల్లకోటు వేసుకుని తిరిగే మనిషికి ఇంత తెలివి!

ఫిబ్రవరిలో ఇదే సర్ నన్ను పిలిచి, "ఆ సాయితేజ కేసు గట్టిగ పట్టు బిడ్డా. ఎంత పెద్ద మేనమామ ఉన్నా వదలొద్దు" అన్నారు. ఆ మాటకు పొంగిపోయి ఆ రోజు ఈ డైరీలోనే ఒక పేజీ నిండా రాశాను. ఇప్పుడు ఆ పేజీ చదువుకుంటే సిగ్గుగా ఉంది.

జూలై 21, సోమవారం

బోనాల సెలవు. సర్ ఇంటికి వెళ్లాను. సర్ భార్య భారతమ్మ గారు చాయ్ తెచ్చి అమ్మ కన్ను ఎట్లుందని అడిగి లోపలికి పోయారు.

"చిలుకమ్మతో మీరు మాట్లాడలేదు సర్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అబద్ధం చెబుతారనుకున్నాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను.

"లేదు" అన్నారు.

"నన్ను అడిగితే నేను రాసిచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలే."

అంత మెల్లగా, అంత ప్రేమగా అన్నారు ఆ మాట. చెంప మీద కొట్టినా ఇంత అనిపించేది కాదు.

"ఆ మేనమామ ఇప్పుడు మనోడు బిడ్డా. పైనుంచి ఫోన్లు ఒకటి గాదు రెండు గాదు. కేసు ఎత్తేయుమన్నరు. నేనే ఒద్దన్న. కేసు ఎత్తేస్తే పేపర్ల వస్తది, జడ్జి ఒప్పుకోవాలె, నలుగురు నవ్వుతరు. ఒక్క సాక్షిని వదులుకుంటే ఎవ్వలకు తెల్వది. నీకు మచ్చ రాకుండ చేసిన."

"ఫిబ్రవరిలో గట్టిగా పట్టమన్నది మీరే."

"అన్న. అప్పుడు ఎందుకు సర్ అని అడిగినవా? అడగలే. పట్టుమంటె పట్టినవ్. ఇయ్యాల ఇడువుమంటే ఎందుకని అడుగుతానవ్. అప్పుడు నేను చెప్పింది న్యాయం, ఇప్పుడు చెప్పేది రాజకీయమా? రెండూ ఈ నోట్లెకెంచే వచ్చినయి."

నా ధైర్యం నాదనుకున్నాను. మేనమామ అవతలి జెండా కింద ఉన్నన్నాళ్లూ ఆ ధైర్యానికి ఈయన అనుమతి ఉంది. అది కూడా ఆయన వాడుకున్నదే. నన్ను వంచించింది జూలైలో కాదు, ఫిబ్రవరిలోనే.

లేస్తుంటే అన్నారు, "ఆగస్టు ముప్పై ఒకటికి పోస్టుల నీ మూడేండ్లు అయిపోతయి. పొడిగింపు ఫైలు మీద మంచిగనే రాసిన. ఇంకా పంపలే." గేటు దాకా వచ్చి, స్కూటీ జాగ్రత్తగ నడుపు బిడ్డా అన్నారు.

జూలై 22, మంగళవారం

ఏమీ చేయకపోతే ఏమవుతుంది? సాయితేజ విడుదలవుతాడు. చిలుకమ్మ చెప్పినా విడుదల కాడని గ్యారంటీ ఏముంది? ఒక్క సాక్షి మీద శిక్ష పడటం కష్టం. పై కోర్టులో కొట్టేస్తారు. అంటే ఆమె చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

జూలై 23, బుధవారం

నిన్న రాసింది చదివాను. సర్ గొంతే వినబడుతోంది.

జూలై 24, గురువారం

దారి ఒకటే ఉంది. వదులుకున్న సాక్షిని మళ్లీ పిలిపించమని కోర్టుకు పిటిషన్ వేయాలి. కోర్టు పిలిపించవచ్చు, ఆ అధికారం ఉంది. కానీ ఎందుకు వదులుకున్నారు, ఇప్పుడెందుకు కావాలి అని మొదటి ప్రశ్న వస్తుంది. నిజం చెప్పాలంటే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చానని చెప్పాలి. ఆ మాట అన్న ప్రాసిక్యూటర్‌కు ఇక పోస్టు ఉండదు. ఏ క్లయింటూ రాడు.

రమాకాంత్‌తో అన్నాను. అన్నం ముందు పెట్టుకుని కోపంగా చూశాడు. "నా షాపుల పనిచేసే పిలగానికి గూడ ఖాళీ చెక్కు ఇయ్యద్దని తెలుసు. లా సదివిన నువ్వు ఖాళీ కాగితం మీద సంతకం పెడ్తవా?"

"అందరూ పెడతారు."

"అందరు పెడ్తరు. అందర్ల ఇరుక్కున్నది నువ్వొక్కదానివే."

పోట్లాడుకున్నాం. గిన్నెలు గట్టిగా కడిగాను. చివరికి ఆయనే వచ్చి, "మన దీప్తి స్కూలు ఫీజు నేను చూసుకుంట. నువ్వేం జేస్తవో నీ ఇష్టం. ఆ సర్ పేరు మాత్రం ఈ ఇంట్ల ఎత్తకు" అన్నాడు. ఆయన నా పక్షమో కాదో ఇప్పటికీ అర్థం కాలేదు.

జూలై 25, శుక్రవారం

కోర్టు వరండాలో మొగిలమ్మ. వేరే పని మీద హన్మకొండ వచ్చి, నా కోసం ఆగిందట. తిడుతుందనుకుని నిలబడ్డాను.

"మీ అమ్మ కండ్లు మంచిగున్నయా మేడమ్?"

బాగున్నాయన్నాను.

"నాకొక్క మాట చెప్పున్రి. ఇరవై ఎనిమిదికి నేను రావాల్నా, వద్దా? నాట్లు పడ్డయి. వస్తే ఆ రోజు కూలి పోతది. వచ్చినా ఏం లేదంటే రాను."

మూడేళ్లు ఒక్క వాయిదా తప్పని మనిషి. ఆమె గొంతులో కోపం లేదు. బస్సు ఉందా లేదా అని కండక్టర్‌ను అడిగినట్టు అడిగింది. సర్ మీద వచ్చిన ఏడుపు ఇంత కాదు. అక్కడే స్తంభం పక్కకు తిరిగి ఏడ్చేశాను. ఆమె నా భుజం ముట్టుకోలేదు. జవాబు కోసం నిలబడింది.

"రా" అన్నాను.

జూలై 27, ఆదివారం

పిటిషన్ నేనే రాశాను, చేత్తో. ప్రమాణపత్రంలో ఐదో పేరా దగ్గర గంట ఆగాను. "నేను సంతకం చేసినప్పుడు ఆ కాగితం ఖాళీగా ఉంది." ఇంతే. ఈ ముక్కను మర్యాదగా రాయడానికి పదకొండు రకాలుగా ప్రయత్నించాను. ఎట్లా రాసినా అదే.

చిలుకమ్మ ఇంటికి పోయి చెప్పాలనుంది. సాక్షి ఇంటికి ప్రాసిక్యూటర్ పోకూడదు. పద్ధతి తప్పుతుంది. ఇన్ని పద్ధతులు పాటించే మనిషిని నేను.

జూలై 28, సోమవారం

వేశాను.

జడ్జి గారు మెమో చూపించి అడిగారు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"పైన ఉన్న మూడు లైన్లు?"

"నావి కావు."

"సంతకం పెట్టినప్పుడు కాగితం మీద ఏముంది?"

"ఏమీ లేదు."

వెనక కుర్చీల్లో ముప్పై మంది వకీళ్లు. అందులో ఇరవై మందైనా ఇట్లాంటి కాగితాలు ఇచ్చినవాళ్లే. ఒక్కడూ తల ఎత్తలేదు.

సర్ లేచారు. ఆయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారనుకున్నాను. పొరపాటు అయిందంటారు, ఆఫీసులో కలగాపులగం అయిందంటారు, అనుకున్నాను. నన్ను అక్కడ నిలబెట్టి తన చేత్తో ముంచుతారని మాత్రం అనుకోలేదు.

"యువర్ ఆనర్, శ్రీలత గారు పదో తేదీ ఉదయం తొమ్మిది నలభైకి ఆస్పత్రి నుంచి నాకు ఫోన్ చేసి, ఆ సాక్షిని వదిలేయమని చెప్పారు. ఆరు నిమిషాలు మాట్లాడారు. కాల్ రికార్డు తెప్పించుకోవచ్చు. ఆమె చెప్పిందే నేను చేశాను. ఇప్పుడు ఎవరి ఒత్తిడి మీద మాట మారుస్తున్నారో నాకు తెలియదు."

శ్రీలత గారు. బిడ్డా అనకుండా నా పేరు పిలవడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

ఆరు నిమిషాలు. చుక్కల మందు గురించి. రికార్డులో నిమిషాలు ఉంటాయి, మాటలు ఉండవు. ఫోన్‌లో అంత ఓపిగ్గా ఎందుకు మాట్లాడారో ఇప్పుడు తెలిసింది. లేదు, అప్పుడు నిజంగానే అమ్మ గురించి అడిగారేమో. ఏది నిజమో ఇక తెలియదు. అదే అన్నిటికంటే ఎక్కువ బాధగా ఉంది. పాత రోజులన్నీ తిరగేసి చూడాల్సి వస్తోంది.

ఆర్డరు నాలుగో తేదీకి. మొగిలమ్మ ఆఖరి బెంచీ మీద కూర్చుని ఉంది.

ఆగస్టు 1, శుక్రవారం

క్యాంటీన్‌లో నా టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోలేదు.

ఆగస్టు 4, సోమవారం

పిటిషన్ ఒప్పుకున్నారు. కళ్లారా చూశానని చెప్పే సాక్షిని వినకుండా కేసు ముగించడం న్యాయం కాదని, చిలుకమ్మకు 13వ తేదీకి సమన్లు పంపమని ఆర్డరు.

ఆ కింద నా నిర్లక్ష్యం గురించి నాలుగు లైన్లు. ఆర్డరు కాపీ పై అధికారులకు పంపాలట. సర్ గురించి ఒక్క ముక్క లేదు. ఎవరు చెప్పింది నిజమో తేల్చాల్సిన అవసరం ఈ పిటిషన్‌లో లేదని రాశారు. చట్టం ప్రకారం కరెక్టే. కాపీ తీసుకుని బాత్రూంలోకి పోయి నాలుగు లైన్లూ చదివాను. నా మీద రాసినవాటిలో తప్పు ఒక్కటీ లేదు.

మూడు దాటాక సర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సారయ్య కేసు ఇకపై పీపీ గారే స్వయంగా నడుపుతారు. కట్ట అప్పగించవలెను.

అంటే చిలుకమ్మను బోనులో ప్రశ్నలు అడిగేది ఆయన.

ఆగస్టు 5, మంగళవారం

కట్ట అప్పగించాను. రసీదు తీసుకున్నాను.

ఆగస్టు 11, సోమవారం

పొడిగింపుకు నా పేరు పోలేదని తెలిసింది. అమ్మ ఫోన్ చేసి రెండు కళ్లతో పేపరు చదువుతున్నానంది. సంతోషపడ్డట్టు మాట్లాడాను.

ఆగస్టు 13, బుధవారం

వెనక వరసలో కూర్చున్నాను. మొగిలమ్మ నా కంటే రెండు బెంచీల ముందు.

చిలుకమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. నన్ను చూసింది. తల ఆడించలేదు.

సర్ ఫైలు తెరవకుండానే మొదలుపెట్టారు. పేరు? ఊరు? ఏం పని? సారయ్య తెలుసా? తర్వాత, "ఆ రోజు సెంటర్ల ఏదో గొడవ అయిందని విన్నవా?"

విన్నావా అని. చూశావా అని కాదు. ఆ ఒక్క ప్రశ్నతో కళ్లారా చూసిన మనిషిని ఊరి కబుర్లు మోసే మనిషిని చేస్తున్నారు. ఈ కిటుకు నాకు నేర్పింది కూడా ఆయనే, అవతలివాళ్ల సాక్షి మీద వాడటానికి.

"వినుడేంది సారూ, సూసిన" అంది చిలుకమ్మ.

"అడిగినదానికే చెప్పు. పోలీసులు నీ దగ్గర స్టేట్‌మెంట్ రాసుకున్నరా?"

"రాసుకున్నరు."

"అంతే యువర్ ఆనర్." కూర్చున్నారు.

లేచి నిలబడే హక్కు నాకు లేదు. ముద్దాయి వకీలు నవ్వుతూ, క్రాస్ చేయాల్సింది ఏమీ లేదన్నాడు. చిలుకమ్మను దిగమని బంట్రోతు చెయ్యి చూపించాడు.

ఆమె దిగలేదు. బోను కర్ర పట్టుకుని జడ్జి వైపు తిరిగింది. "అసలు ముచ్చట ఎవ్వలు అడుగుతలేరేంది దొరా? సారయ్యను ఎవలు కొట్టిండ్రో అడుగుతరని మూడేండ్ల సంది వస్తాన. గిది అడుగకుంట నా పేరు, నా ఊరు అడుగుతందుకా పిలిచింది?"

ముద్దాయి వకీలు అభ్యంతరం అని లేచాడు. ఆయనతోపాటు సర్ కూడా లేచారు. ఇద్దరూ ఒకేసారి. "సాక్షిని ఎవరో నేర్పించి పంపినట్టున్నారు యువర్ ఆనర్" అన్నారు సర్. తన సాక్షి గురించి, ప్రాసిక్యూషన్ సాక్షి గురించి, ప్రాసిక్యూటరే అన్న మాట అది. కోర్టు హాలు మొత్తం ఆయన వైపు చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఒక్క క్షణం జాలి వేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది ఆ జాలికి.

జడ్జి గారు ఇద్దరినీ కూర్చోమన్నారు. ఏ సాక్షినైనా ఏ ప్రశ్నైనా అడిగే అధికారం కోర్టుకు ఉందన్నారు. కలం తీశారు. "చెప్పమ్మా. ఏం చూశావు?"

ఆమె పొద్దున నుంచి మొదలుపెట్టింది. ఎన్ని కుప్పలు ఉన్నాయి, సారయ్య వడ్లు ఎన్నో వంతు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు. "తరుగు మూడు కిలోలు ఏందిరా అన్నడు సారయ్య. ఆ పిలగాడు కాంటకాడి రాడ్డు గుంజిండు. మొదటి దెబ్బకు సారయ్య కూసున్నడు. కూసున్నోన్ని మల్ల కొట్టిండు." వేలు ఎత్తి సాయితేజను చూపించింది.

ఇప్పుడు క్రాస్ అవసరమైంది. ముద్దాయి వకీలు గంటసేపు అడిగాడు. దూరం ఎంత, చూపు సరిగ్గా ఉందా అన్నాడు. "వడ్లల్ల రాయి ఏరేటిదాన్ని సారూ. రాడ్డు కనవడదా?" అంది. జడ్జి గారు అది కూడా రాసుకున్నారు.

కేసు ఏమవుతుందో తెలియదు. కానీ ఆమె చెప్పింది రికార్డులోకి ఎక్కింది. దాన్ని ఇప్పుడు ఏ మెమో తీసేయలేదు.

బయట వరండాలో రాజమౌళి దారి ఖర్చుల బత్తా కాగితం మీద ఆమె వేలిముద్ర తీసుకుంటున్నాడు. దగ్గరికి వెళ్లాను. ఎన్నో చెప్పాలని ఉంది. ఆ కాగితం నేను రాయలేదని, నన్ను కూడా మోసం చేశారని, దీనికోసం నా పోస్టు పోయిందని. నోరు తెరిచేలోపే ఆమె అడిగింది.

"నేను చెప్పిందంత రాసుకున్నరా మేడమ్? మల్ల అక్కర్లేదనరు గద?"

"అనరు" అన్నాను.

ఆమె నా ముఖం వైపు కాసేపు చూసింది. తర్వాత రాజమౌళి వైపు తిరిగి, అదే మాట మళ్లీ మొదటి నుంచి అడిగింది.